స్వలింగ జంటల హక్కుల కోసం ఎంపీని ఏమడగాలి?

లహరి:
పెళ్లి హక్కు సంగతి చట్టసభలే తేల్చాలని 2023 అక్టోబర్ 17న స్వలింగ వివాహాలపై సుప్రియో కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేసింది. మా బృందం తరఫున ఎంపీ గారికి వినతిపత్రం ఇస్తున్నాం. ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని ఎంపీ సొంతంగా తెచ్చేది) పెట్టమని అడగొచ్చా?

గోదారిగట్టు:
అడగండి గానీ, చట్టమవుతుందని ఆశ పెట్టుకోకండి. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టమైనవి పద్నాలుగే, చివరిది 1970లో. వాటికి దొరికేది శుక్రవారం రెండున్నర గంటలు, ఏది ముందన్నది లాటరీ. 2015 డిసెంబర్‌లో స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 సవరణకు శశి థరూర్ తెచ్చిన బిల్లును ప్రవేశపెట్టనివ్వనే లేదు, 71–24తో లోక్‌సభ అడ్డుకుంది. 2022లో స్వలింగ పెళ్లిళ్లకు వీలుగా ప్రత్యేక వివాహ చట్టానికి సుప్రియా సూలే తెచ్చిన సవరణ బిల్లు ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది. అయితే ట్రాన్స్‌జెండర్ హక్కులపై తిరుచ్చి శివ బిల్లు 2015 ఏప్రిల్ 24న రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభ దాటకపోయినా, మరుసటి ఏడాది ప్రభుత్వమే సొంత బిల్లు తేవాల్సి వచ్చింది. అంత ఒత్తిడి తేగలిగితే బిల్లు దండగ కాదు.

వేమవరం:
నేనైతే ముందు పార్లమెంటులో ప్రశ్న వేయించమంటాను. లిఖితపూర్వక జవాబొచ్చే ప్రశ్నకు ఎంపీ పదిహేను రోజుల ముందు నోటీసిస్తే చాలు. రేషన్ కార్డుల్లో స్వలింగ భాగస్వాములను ఒకే ఇంటివాళ్లుగా చూడమని 2024లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామికి మృతదేహం అప్పగించాలని ఆరోగ్య శాఖ కూడా రాసింది. ఇవి సూచనలే, చట్టాలు కావు. రాష్ట్రం ఉత్తర్వు ఇవ్వకపోతే రేషన్ ఆఫీసులో, మార్చురీ దగ్గర ఎవరూ పట్టించుకోరు. "ఏయే రాష్ట్రాలు అమలు చేశాయి?" అని అడిగించండి. వచ్చిన జవాబు రికార్డుకెక్కుతుంది, దాన్ని పట్టుకుని కలెక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు.

సాగర్‌రోడ్:
ఎమ్మెల్యేను వదలకండి. పెళ్లి రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో అయిదో అంశం, అసెంబ్లీ కూడా చట్టం చేయొచ్చు. కేంద్ర చట్టంతో పేచీ వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి, అంతే. 2023లో స్వలింగ వివాహాలపై కేంద్రం అభిప్రాయం అడిగితే వద్దన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పటి ప్రభుత్వం వైఖరేమిటో రాతలో అడగాలి. తెలంగాణలోనైతే కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో పౌర భాగస్వామ్య (సివిల్ యూనియన్, అంటే స్వలింగ జంటల బంధానికి చట్టపరమైన గుర్తింపు) చట్టం హామీ ఉన్న పేజీ జత చేయండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. వినతిపత్రానికి సంతకాల పట్టీ తగిలించొద్దు. ఒకసారి ఆఫీసులోకి వెళ్లాక ఆ పేర్లు ఎవరి కంటైనా పడొచ్చు, ఇంట్లో చెప్పుకోని పిల్లలు దొరికిపోతారు. బృందం లెటర్‌హెడ్ మీద తమ సంగతి ఇప్పటికే బయట చెప్పుకున్నవాళ్లు ఇద్దరు సంతకం పెడితే సరిపోతుంది. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.