సెల్ లైన్‌కు తెలుగు మాట ఏంది? కణశ్రేణా, కణ వంగడమా?

అనంతపురం నుంచి: అందరికీ నమస్తే. రొమ్ము క్యాన్సర్ మొదటి దశను ల్యాబులో ఎట్ల చూస్తారో ఒక వ్యాసం రాస్తాండా, సెల్ లైన్ కాడ ఆగిపోయినా. కణశ్రేణి, కణ వరస అంటే నాకు కణాలు రేషన్ షాపు ముందర క్యూలో నిలబడినట్టు ఉండాది. ఒక మనిషి నుంచి తీసిన కణాలు తరాలు తరాలుగా పెరిగే సంతతి గదా అది. మా నాయన చెనిక్కాయల్లో కదిరి 6 వంగడం అంటాడే, అట్ల కణ వంగడం అంటే నవ్వుతారా?

కడప మాస్టారు: నవ్వేదేముందమ్మా, బ్రౌన్ నిఘంటువులో వంగడము అంటే వంశం అనే ఉంది. మనం దాన్ని చేనికి తోలినాం గానీ మాట మాత్రం మనుషులదే. ఇంగ్లీషు లైన్‌లో ఉండేదీ వంశమే, గీత కాదు. రాసెయ్.

కర్నూలు, ల్యాబులో పని: నేనూ వంగడానికే ఓటు అక్కా (మాకు అవి చెనిక్కాయలు కాదు, బుడ్డలు, ఆ పంచాయితీ ఇంకోసారి). అందరికీ తెలిసిన ఎంసీఎఫ్-7 ఉంది చూడు, 1973లో డెట్రాయిట్‌లో చేసినారు, ఎంసీఎఫ్ అంటే మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్. అది జబ్బు ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్లలోంచి వచ్చింది, దాంట్లో మొదటి దశ యాడ కనపడతాది? అందుకని ఎంసీఎఫ్10ఏ పట్టుకున్నారు, అది క్యాన్సర్ లేని రొమ్ము కణం, మెత్తటి జెల్‌లో పెంచితే లోపల బోలుగా చిన్న బంతులు కడతాది. దానికి రాస్ అనే, క్యాన్సర్ వైపు నెట్టే జీను ఎక్కించి ఒకటి, దాన్ని ఎలకలో పెంచి, వచ్చిన గడ్డలోంచి మళ్లీ తీసి ఇంకొకటి, అదే ఎంసీఎఫ్10డీసీఐఎస్.కామ్, 2000లో పేపరు వచ్చింది. వంగడంలోంచి వంగడం. శ్రేణి అంటే ఈ తల్లీబిడ్డల లెక్క రాదు.

ఆదోని నుంచి: డాట్ కామ్ ఏందన్నా, వెబ్‌సైటా?

కర్నూలు: అందరూ అదే అడుగుతారప్పా 😀 కొమెడో అనే రకంలో మొదటి మూడక్షరాలు. నాళం నడుమ కణాలు చచ్చి పేరుకునే రకం.

కడప మాస్టారు: మరి డీసీఐఎస్ అంటే డక్టల్ కార్సినోమా ఇన్ సైటు, పాలనాళం దాటని మొదటి దశ క్యాన్సర్ గదా, దాంట్లో ఆ ఇన్ సైటుకు ఏం రాస్తావమ్మా? స్థానిక అంటే పంచాయతీ ఎలక్షన్లు గుర్తొస్తాండాయి.

అనంతపురం: ఉన్నతావునే అందామనుకున్నా సార్.

కర్నూలు: బాగుంది. కేసీ కాలువలో గుర్రపుడెక్క కమ్ముకున్నట్టు పాలనాళం నిండా కణాలే, గట్టు మాత్రం తెగలేదు. కానీ ఈ వంగడం ఎలక రొమ్ములో ఎల్లకాలం ఉన్నతావున ఉండదు, కొన్ని వారాలకు గట్టు తెంచుకుంటాది, దాన్ని పెంచేదే అందుకు, ఎందుకు తెగిందో చూడాలని.

ప్రొద్దుటూరు నుంచి: నాకు వంగడం నచ్చలేదక్కా. వంగడం అంటే మంచి విత్తనం అనే అనిపిస్తాది మాకు. మా అత్త ఈ జబ్బుతోనే పోయింది, ఆమె గడ్డను వంగడం అంటే మా మామ ఎట్ల చదువుతాడు?

అనంతపురం: నిజమే చెల్లీ, నేను అట్ల ఆలోచించలే. ల్యాబు సీసాలో ఉండేదానికే వంగడం రాస్తా, మనిషి గురించి రాసే తావున గడ్డ అనే ఉంచుతా. మాస్టారు ఏమంటారో.

కడప మాస్టారు: ఆ పాప చెప్పినాక నేనేమంటానమ్మా. అట్లనే రాయి.