వీడియో గేములు పోస్టులో అద్దెకు తెప్పించుకోవాలంటే ఏ ప్లాన్, ఏం చూసుకోవాలి?

ప్లేనో_నాన్న (టెక్సస్)

ఇంట్లో డిస్కు స్లాట్ ఉన్న పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5), నింటెండో స్విచ్ 2, ఈ రెండు గేమ్ కన్సోళ్ళు ఉన్నాయి. బాబుకి 14, పాపకి 9. కొత్త గేము ఒక్కోటీ 70 డాలర్లు, మారియో కార్ట్ వరల్డ్ అయితే 80. కథ ఉన్న గేమైతే బాబు రెండు వారాల్లో పూర్తి చేసి మళ్ళీ ముట్టుకోడు. అందుకని గేమ్‌ఫ్లై లాగా డిస్కులు పోస్టులో పంపే సర్వీసు తీసుకోవాలా, పీఎస్ ప్లస్ ఎక్స్‌ట్రాతో (జాబితాలో ఉన్న గేములు డౌన్‌లోడ్ చేసుకుని ఆడే సోనీ చందా) సరిపెట్టుకోవాలా అని చూస్తున్నాం. ఒకసారికి ఒక డిస్కు ఇచ్చే ప్లాన్ చాలా, రెండు ఇచ్చేది కావాలా? డిస్కు వెనక్కి పంపేశాక ఆడినంత వరకూ సేవ్ అయినది పోతుందా? గీతలు పడిన డిస్కు వస్తే ఎలా? మానేసేటప్పుడు ఏమైనా మెలికలుంటాయా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

డిస్కుల_లెక్క

నెల ఫీజు చూసి సర్వీసు ఎంచుకోకండి. డిస్కు మీ ఇంట్లో ఎన్ని రోజులుంటుంది, దారిలో ఎన్ని రోజులుంటుంది, అది చూడండి. అసలు ఖర్చు అక్కడే తేలుతుంది.

లెక్క ఇలా వేసుకోండి. వాళ్ళ గోడౌన్ నుంచి మీ మెయిల్‌బాక్సుకి 3 రోజులు, తిరిగి వెళ్ళడానికి 3 రోజులు, అందుకుని తర్వాతది పంపడానికి 2 రోజులు. అంటే గేము గేముకీ మధ్య 8 రోజులు ఖాళీ. బాబు 14 రోజులు ఆడితే మొత్తం 22 రోజులు, ఏడాదికి 16 గేములు. ఫీజు నెలకు 16 డాలర్లనుకుంటే ఏడాదికి 192, గేముకి 12 డాలర్లు పడుతుంది. 70 పెట్టి కొనడంతో పోలిస్తే చాలా లాభం. అదే 40 రోజులు పట్టే పెద్ద రోల్ ప్లేయింగ్ గేములే ఆడేవాళ్ళకి ఒక్కోటీ 48 రోజుల వ్యవహారం. ఏడాదికి 7 గేములు, ఒక్కోటీ 27 డాలర్లు. అలాంటివాళ్ళు పాత డిస్కు కొని, ఆడేసి, మళ్ళీ అమ్ముకోవడమే నయం. మీ వాడి వేగానికి మాత్రం అద్దె సరిగ్గా సరిపోతుంది.

మీ సిటీకి డిస్కు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుందో చేరకముందే కనుక్కోండి. దాంతోపాటు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: తిరుగు కవరును పోస్టాఫీసు స్కాన్ చేయగానే తర్వాతి గేము పంపుతారా, లేక గోడౌన్‌కి చేరాకే పంపుతారా? స్కాన్‌తోనే పంపేవాళ్ళ దగ్గర ఖాళీ 8 రోజుల నుంచి 5కి దిగుతుంది. ఫీజులో రెండు డాలర్ల తేడా కంటే ఇది ఎక్కువ.

ఇద్దరు పిల్లలు, రెండు కన్సోళ్ళు కాబట్టి మీకు రెండు డిస్కుల ప్లానే. సాధారణంగా రెండో డిస్కుకి మొదటిదానంత ఫీజు ఉండదు. అయితే రెండూ ఒకేసారి వెనక్కి పంపకండి. ఒకటి పంపి, అది మారి వచ్చాకే రెండోది పంపండి. అప్పుడు ఇంట్లో ఎప్పుడూ ఒక గేము ఉంటుంది. రెండూ ఒకే రోజు పంపితే డబ్బు రెండింటికి కడుతూ కూడా వారం రోజులు ఖాళీగా ఉంటారు.

కోరుకున్న గేముల వరసలో కనీసం 8, 10 పేర్లు పెట్టండి. అందరూ అడిగే రెండు మూడు పేర్లే పెడితే స్టాకు లేక ప్లాన్‌లో మీ స్లాట్ (మీకు రావాల్సిన డిస్కు చోటు) ఊరికే ఉండిపోతుంది, ఫీజు మాత్రం నడుస్తూనే ఉంటుంది. కొత్తగా విడుదలయ్యే గేము మొదటి వారంలోనే కావాలంటే విడుదలకి వారం ముందే చేతిలో ఉన్న డిస్కు పంపేసి, ఆ పేరు వరసలో పైకి తేవాలి. వాళ్ళు మొదటి విడత పంపే రోజుకి మీ స్లాట్ ఖాళీగా ఉండాలి. ఆ విడత దాటితే, తీసుకున్నవాళ్ళు ఆడి వెనక్కి పంపేదాకా ఆగాల్సిందే.

కార్డులో_ఏముంది

పై లెక్కతో ఏకీభవిస్తాను. దానికి ముందు చూడాల్సింది ఇంకోటుంది. డిస్కు వస్తుంది సరే, గేము అందులో ఉందా?

పీఎస్5 డిస్కులో 100 జీబీ వరకూ పడుతుంది, అయినా అన్నీ అలా నింపి రావు. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 డిస్కు మీద ఉన్నది 70 ఎంబీ చిల్లర, మిగతాదంతా డౌన్‌లోడే. దీనికి విరుద్ధంగా 2024 ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ రెండు డిస్కుల్లో వస్తుంది, ఒకటి డేటా డిస్కు, రెండోది ప్లే డిస్కు. డేటా డిస్కు లేకుండా ఇన్‌స్టాల్ కాదు. అద్దెకి అలాంటి గేము వస్తే రెండూ కవర్లో ఉన్నాయో లేదో మొదటి రోజే చూడండి, తిప్పి పంపేటప్పుడూ రెండూ పెట్టండి.

స్విచ్ 2లో గేమ్-కీ కార్డులు ఇంకా జాగ్రత్తగా చూడాల్సినవి. చూడ్డానికి మామూలు కార్డే, లోపల గేము ఉండదు. పెట్టగానే మొత్తం గేము డౌన్‌లోడ్ చేసుకోమంటుంది, ఆ తర్వాత కూడా ఆడిన ప్రతిసారీ కార్డు లోపల ఉండాల్సిందే. ఏ అకౌంటుకీ ముడిపడదు కాబట్టి అద్దెకి ఇవ్వొచ్చు, పనిచేస్తుంది. కానీ కన్సోల్‌లో చోటు 256 జీబీయే, అదనంగా వేయాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, పాత మైక్రోఎస్‌డీ కార్డులో స్విచ్ 2 గేములు పడవు. షాపులో అయితే గేము డబ్బా అట్ట కింది భాగంలో తాళంచెవి గుర్తుతో తెల్లటి పట్టీ కనిపిస్తుంది. అద్దెకి అట్ట రాదు కాబట్టి వరసలో పెట్టేముందే ఆ గేము పేరుతో వెతికి చూసుకోవాలి. మారియో కార్ట్ వరల్డ్, డాంకీ కాంగ్ బనాంజా లాంటి నింటెండో సొంత గేములు కార్డులోనే ఉంటాయి. పాపకి మొదట వాటితో మొదలుపెట్టండి. నింటెండో గేములకి ధర తగ్గడం చాలా అరుదు కూడా, అందుకే అద్దెలో ఎక్కువ కలిసొచ్చేది అవే.

సేవ్ ఫైళ్ళ గురించి దిగులొద్దు. పీఎస్5లోనూ స్విచ్‌లోనూ అవి కన్సోల్‌లోనే ఉంటాయి, డిస్కు మీద కాదు. చోటు కోసం గేము తీసేసినా సేవ్ అలాగే ఉంటుంది, సేవ్ డేటా మెనూలోకి వెళ్ళి దాన్ని విడిగా చెరిపితే తప్ప. ఆరు నెలల తర్వాత అదే గేము మళ్ళీ తెప్పించినా ఆపిన చోటి నుంచే ఆడొచ్చు. కన్సోల్ పాడైతే మాత్రం పోతుంది, క్లౌడ్‌లో దాచాలంటే పీఎస్ ప్లస్ లేదా నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా ఉండాలి.

డీలక్స్, గోల్డ్ ఎడిషన్ అని చూసి ఆశపడకండి. అందులోని అదనపు భాగాలు చాలావరకు ఒక్కసారే పనిచేసే కోడ్‌లు. అద్దె డిస్కుతో అవి రావు.

ఇక పీఎస్ ప్లస్ ఎక్స్‌ట్రా మాట. పాత మంచి గేములు వరసగా ఆడదలిస్తే అంతకంటే చవక ఇంకోటి లేదు. కానీ సోనీ సొంత పెద్ద గేములు విడుదల రోజున అందులోకి రావు. పైగా ప్రతి నెలా మధ్యలో కొన్ని గేములు జాబితాలోంచి వెళ్ళిపోతాయి, 'లాస్ట్ చాన్స్ టు ప్లే' (త్వరలో తొలగించేవి) అనే విభాగం చూసుకుని వాటిని ముందు ఆడాలి. బాబు స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడతాడా? అలాగైతే కొని ఆడే గేములకి, అద్దె డిస్కైనా సరే, పీఎస్ ప్లస్‌లో అన్నిటికంటే చిన్న ప్లాన్ ఎసెన్షియల్ అయినా ఎలాగూ ఉండాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేములకి అక్కర్లేదు.

రీనా_ఆస్టిన్

గీతల సంగతి, కవర్ల సంగతి నేను చెప్తాను.

డిస్కు రాగానే మెషీన్లో పెట్టేయకండి. ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. మధ్య నుంచి అంచుకి తిన్నగా పోయే సన్నగీతలతో పెద్దగా ఇబ్బంది ఉండదు. డిస్కు గుండ్రానికి అనుగుణంగా వంపు తిరిగిన గీతలే ప్రమాదం, ఎందుకంటే డేటా కూడా అదే దారిలో ఉంటుంది కాబట్టి వరసగా చాలా భాగం చదవలేకపోతుంది. ఇన్‌స్టాల్ ఏదో ఒక శాతం దగ్గర ఆగిపోయి మళ్ళీ మళ్ళీ అక్కడే ఆగుతుంటే డిస్కుదే లోపం అనుకోవచ్చు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచి ఇంకోసారి ప్రయత్నించండి. గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. టూత్‌పేస్టు పూయడం, గీతలు పోగొట్టే మిషన్లో పెట్టడం అసలే వద్దు. డీవీడీలో డేటా పొర పైనుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అందుకే అరగదీసినా తట్టుకుంటుంది. పీఎస్5 డిస్కులు బ్లూ-రేలు, వాటిలో అది 0.1 మిల్లీమీటరే, పైన గట్టి పూత. అరగదీస్తే ఆ పూత పోయి ఉన్నదీ పాడవుతుంది. పని చేయకపోతే రెండు వైపులా ఫోటో తీసి, అదే రోజు 'పాడైన డిస్కు' అని రిపోర్టు పెట్టండి. ఆలస్యమైతే గీత ఎవరి దగ్గర పడిందన్న వాదన మొదలవుతుంది.

స్విచ్ కార్డుల్లో గీతల గొడవ లేదు కానీ బంగారు రంగు పట్టీల మీద వేళ్ళు పెట్టనీయకండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఆ కార్డులకి చేదు పూత ఉంటుంది, నాకితే వెంటనే తెలిసిపోతుంది. అంత చిన్న వస్తువు సోఫా సందులో పడితే దొరకదు. వచ్చిన సంచీలోనే మళ్ళీ పెట్టే అలవాటు పాపకి మొదటి రోజు నుంచే చేయించండి.

తిరుగు కవర్ల విషయంలో ఎక్కువమంది చేసే తప్పు, ఖర్చు కలిసొస్తుందని రెండు గేములు ఒకే కవర్లో పంపడం. కవరుకీ సంచీకీ వేరే వేరే బార్‌కోడ్‌లు ఉంటాయి. ఒకటే స్కాన్ అయి, రెండోది 'అందలేదు' అని మీ పేరు మీద ఉండిపోతుంది. ఒక గేముకి ఒక కవరు. అతికించే ముందు డిస్కు, సంచీ మీది నంబరు, కవరు మూడూ కనిపించేలా ఫోటో తీయండి. అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్సులో వదలకుండా పోస్టాఫీసు లోపలి పెట్టెలో వేస్తే వంగడం, పోవడం తగ్గుతాయి.

మానేసేటప్పుడు: చాలా సర్వీసుల్లో డిస్కు వాళ్ళకి చేరేదాకా అకౌంటు మూయరు. బిల్లు తేదీకి కనీసం 8 రోజుల ముందు డిస్కులు పోస్టు చేయండి. అంతకంటే ముందు వరస మొత్తం ఖాళీ చేయండి, లేకపోతే మీరు పంపినది చేరగానే కొత్తది బయల్దేరుతుంది. ట్రయల్ ఉచితమైనా క్రెడిట్ కార్డు వివరాలు తీసుకుంటారు, గడువు దాటితే పూర్తి ఫీజు పడుతుంది. డిస్కు చేతిలో ఉండగా ఆ క్రెడిట్ కార్డు గడువు తీరిపోతే డిస్కు ధర మొత్తం వసూలు చేసే షరతు కూడా చదువుకోండి.

వేసవి సెలవుల్లో మూడు నెలలు తీసుకుని స్కూలు తెరిచాక ఆపేయడం పిల్లలున్న ఇళ్ళకి నప్పుతుంది. ఇంకో మాట, మీ సిటీ లైబ్రరీ వెబ్‌సైటులో ఫార్మాట్ దగ్గర 'వీడియో గేమ్' పెట్టి వెతకండి. చాలా ఊళ్ళ లైబ్రరీలు డిస్కులు ఉచితంగానే ఇస్తాయి. కొత్తవాటికి పెద్ద క్యూ ఉంటుంది, ఏడాది పాతవైతే సులువుగా దొరుకుతాయి.

కూకట్‌పల్లి_గేమర్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ కొత్త పీఎస్5 గేము 4,999 రూపాయలు. పోస్టులో డిస్కులు పంపే పెద్ద సర్వీసు లేదు గానీ, టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాలో 'గేమ్ ఐడీ' నెలకి 300, 400కి అద్దె అంటున్నారు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తారట. తీసుకోవచ్చా అన్నా?

కార్డులో_ఏముంది

వద్దు తమ్ముడూ. అక్కడ అద్దెకిచ్చేది గేము కాదు, ఎవరిదో ప్లేస్టేషన్ అకౌంటు. అకౌంటు ఇంకొకరికి అమ్మడం, అద్దెకివ్వడం సోనీ నిబంధనలకి విరుద్ధం. పట్టుబడితే అకౌంటు పోతుంది, కన్సోల్ మీద కూడా నిషేధం పడే అవకాశం ఉంది. అప్పుడు నీ సొంత గేములకి కూడా ఆన్‌లైన్ ఉండదు.

నిబంధనలు పక్కన పెట్టినా ఆ ఏర్పాటు నిలబడదు. ఒక అకౌంటుకి 'కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే' అనే హక్కు ఒక్క పీఎస్5లోనే ఆన్ చేయొచ్చు. అమ్మేవాడు ఆ హక్కు ఒకరికిచ్చి, అదే గేము ఇంకొకరికి లాగిన్ ద్వారా ఇస్తాడు. ఇద్దరిలో ఒకరు సెట్టింగు మార్చినా, అమ్మేవాడు పాస్‌వర్డ్ మార్చినా నీ తెరమీద గేము బొమ్మకి తాళం పడుతుంది. అన్ని మెషీన్ల హక్కులూ దూరం నుంచి ఒకేసారి రద్దు చేయడం ఆరు నెలలకోసారే కుదురుతుంది కాబట్టి, వాడు కావాలనుకున్నా వెంటనే సరిచేయలేడు. సేవ్ కూడా వాడి అకౌంటు కింద పడితే అది నీకు మిగలదు.

ఒరిజినల్ డిస్కు అయితే ఏ అకౌంటుతోనైనా ఆడుతుంది. కాబట్టి సెకండ్‌హ్యాండ్ డిస్కు కొని, ఆడాక అమ్ముకో. కథ ఉన్న గేము విడుదలైన రెండు మూడు నెలలకి కొని, పూర్తికాగానే అమ్మేస్తే పోయేది తక్కువే. షాపులో కొనేటప్పుడు డిస్కు మెషీన్లో పెట్టించి, ఇన్‌స్టాల్ మొదలయ్యేదాకా చూసి డబ్బులివ్వు. డిస్కు స్లాట్ లేని పీఎస్5 డిజిటల్ అయితే మాత్రం ఈ దారి లేదు. కొత్త స్లిమ్ మోడల్‌కైతే డ్రైవు విడిగా కొని తగిలించొచ్చు, మొదటిసారి దాన్ని జతచేయడానికి ఇంటర్నెట్ ఉండాలి.

ప్లేనో_నాన్న (టెక్సస్)

అందరికీ చాలా థాంక్సండి. రెండు డిస్కుల ప్లాన్ మే చివర్లో మొదలుపెట్టి ఆగస్టులో ఆపుతాం. ఒక చిన్న సందేహం. పీసీ గేములు కూడా అద్దెకి దొరుకుతాయా? బాబుకి మంచి ల్యాప్‌టాప్ ఉంది.

డిస్కుల_లెక్క

డిస్కుగా దొరకవు. 1990లో వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ని హక్కుదారుల అనుమతి లేకుండా వ్యాపారంగా అద్దెకివ్వకూడదు. వీడియో గేములు ఆడడానికే తయారైన కన్సోళ్ళ గేములకి అందులో మినహాయింపు ఇచ్చారు, పోస్టులో అద్దె వ్యాపారం నడిచేది దాని మీదే. పీసీకి ఉన్న దారి మైక్రోసాఫ్ట్ వాళ్ళ పీసీ గేమ్ పాస్ లాంటి నెలవారీ చందా ఒక్కటే. మీకు ఎక్స్‌బాక్స్ (మైక్రోసాఫ్ట్ కన్సోల్) లేదు కాబట్టి కన్సోల్, పీసీ రెండూ కలిపిన గేమ్ పాస్ అల్టిమేట్ జోలికి పోకండి, అది 2025 అక్టోబరులో నెలకు 19.99 నుంచి 29.99 డాలర్లకి పెరిగింది. పీసీకి మాత్రమే ఉన్న ప్లాన్ విడిగా ఉంటుంది, దాని పేరు సరిచూసుకుని కట్టండి.