పెండ్లి యైన దినమె ప్రేమ ముగిసె

సమస్య (కడప):
ఐదు పుస్తకాల ప్రేమకథ నిన్న రాత్రి ముగించినాను. ఇద్దరికీ పెండ్లయింది, సంతోషమే. అయినా తెల్లారేదాకా నిద్ర పట్టలే. ఆ గుబులునే సమస్యగా ఇస్తున్నా: ఇది చివరి పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాల. ఛందస్సు ఆటవెలది, వేమన పద్యాల నడక. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌన్ దొర ఉద్యోగం చేసిన ఊరు మాది, ఇంకో ఛందస్సు తోచలేదు.

"పెండ్లి యైన దినమె ప్రేమ ముగిసె"

పూరణ (ప్రొద్దుటూరు):
ఐదు పుస్తకముల నల్లిన కథయెల్ల
కదలకుండ జదివి కాచుకొంటి
మూడు ముళ్ళు పడగ ముద్రించె శుభమంచు
పెండ్లి యైన దినమె ప్రేమ ముగిసె

విమర్శ (కడప):
నడక బాగుందన్నా. యతి అంటే పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ జత అక్షరం పడడం; ‘ఐదు’కు ‘అల్లిన’లోని అకారంతో స్వరయతి, అంటే అచ్చుల జత, కుదిరింది. ‘ముద్రించె’కు కర్త లేదు, రచయిత్రి అని మనమే అనుకోవాల. నీ కోపం నాకూ ఉంది. నాలుగు పుస్తకాల్లో ఒక్కో చూపుకు పది పేజీలిచ్చిన మనిషి, పెండ్లిని రెండు పేజీల్లో ముగించేసింది.

పూరణ (జమ్మలమడుగు):
ముసలియైన వెనుక ముద్దుగా బ్రతికెడి
జంట కథను వ్రాయజాలరేమి
ఎవ్వరనిరి మనకు నెన్నడు నీమాట
"పెండ్లి యైన దినమె ప్రేమ ముగిసె"

విమర్శ:
అక్కా, సమస్యనే నిలదీసినారు. ‘ఎన్నడున్ ఈ మాట’ అని మీ ఉద్దేశం. చెవికి మాత్రం ‘నీ మాట’ అని వినబడుతుంది.

పూరణ (మైదుకూరు):
మొదటిసారి రాస్తున్నాను సార్, తప్పులుంటే దిద్దండి.

చివరి పుటను మూసి గుండెపై నుంచితి
నవ్వు వచ్చె, వెంట నాకు నేడ్పు
జంట యొక్కటాయె, జాగరమ్మిక లేదు
పెండ్లి యైన దినమె ప్రేమ ముగిసె

విమర్శ:
గణాలన్నీ సరిగ్గా పడినాయి నాయనా. మొదటి పాదంలో యతి తప్పింది: ‘చి’కి ‘గు’ చెల్లదు. గుండెను వదులుకోవద్దు, "చివరి పుటను మూసి చేర్చితి గుండెకు" అను. ‘చి’కి ‘చే’ సరిపోతుంది. తక్కిన ఇద్దరూ ముగిసిన ప్రేమ కథలోని జంటదనుకున్నారు. నువ్వు చదివినవాడి ప్రేమ అన్నావు. ‘జాగరం’ అన్న మాట చూసి, పుస్తకం ముగిసినాక దీపం ఆర్పలేక కూర్చున్నది గుర్తొచ్చింది. నేను చెప్పలేకపోయింది ఇదే.

మైదుకూరు:
దిద్దుకున్నాను సార్. పుస్తకం గ్రంథాలయానికి తిరిగి ఇయ్యాల, గడువు దాటి మూడు దినాలాయె. ఇంకా దిండు కిందే ఉంది.