అమ్మ పాడుతుంటే హెడ్‌ఫోన్లో ఆమె గొంతు ఆలస్యంగా వినిపిస్తోంది, ఏం చేయాలి?

ఎంవీపీ అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. చెల్లి పెళ్లికి ఇంకా నెల రోజుల టైముంది, ఈలోగా అమ్మ పాడే మంగళహారతులు, పెళ్లి పాటలు కలిపి ఓ పదిహేను రికార్డు చేసి పెడదామని మొదలెట్టాను. స్టూడియోకి రమ్మంటే రానంది, ఇంట్లో అయితే సరే అంది. నా దగ్గరున్న సామాను: ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, విండోస్ 11, మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ డబ్బా, కండెన్సర్ మైకు, రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్.

శ్రుతి ట్రాక్ హెడ్‌ఫోన్లో పెట్టి పాడమంటే రెండో లైనుకే ఆగిపోతోంది. "నా వెనకాల ఎవరో వెక్కిరిస్తున్నట్టుందిరా" అంటుంది. నేను పెట్టుకుని చూశాను, నిజమే, "శ్రీ" అనగానే వెనకాలే ఇంకో "శ్రీ" వస్తోంది. ఒక చెవి తీసేసి పాడితే కొంచెం నయమే కానీ అప్పుడు శ్రుతి జారిపోతోంది. రీపర్లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి పోగేసుకునే శబ్దం ముక్కల లెక్క) 1024 నుంచి 128కి దించితే చిటపటలు మొదలయ్యాయి, ఆలస్యం మాత్రం పెద్దగా తగ్గలేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టి చూస్తే ఇంకా ఘోరం. కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటారా? పెళ్లి ఖర్చుల మధ్య నాన్న దగ్గర ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.

సింహాచలం సౌండ్:
ఐ5, 8 జీబీతో కష్టం బ్రదర్. ఐ7, 16 జీబీకి వెళ్లిపోండి, టెన్షన్ ఉండదు.

గాజువాక కీబోర్డు:
ఆగండాగండి, కొనడం తర్వాత. ముందు రెండు విషయాలు చెప్పు తమ్ముడూ. హెడ్‌ఫోన్ దేనికి గుచ్చావు, ల్యాప్‌టాప్‌కా ఇంటర్‌ఫేస్‌కా? రీపర్లో ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌లోకి వెళితే పైన ఆడియో సిస్టమ్ అని ఉంటుంది, అక్కడ ఏముంది?

ఎంవీపీ అబ్బాయి:
ల్యాప్‌టాప్‌కే అన్నా. ఇంటర్‌ఫేస్‌కి లావు రంధ్రం ఉంది, నా హెడ్‌ఫోన్ పిన్ను సన్నం. ఆడియో సిస్టమ్ దగ్గర డైరెక్ట్‌సౌండ్ అని ఉంది.

గాజువాక కీబోర్డు:
అనుకున్నా. రోగం రెండు చోట్లా ఉంది.

మైకు ఇంటర్‌ఫేస్‌లో, చెవి ల్యాప్‌టాప్‌లో ఉంటే రెండూ వేర్వేరు సౌండ్ కార్డులు. పైగా డైరెక్ట్‌సౌండ్ అంటే గొంతు విండోస్ మిక్సర్ గుండా తిరిగి తిరిగి వస్తుంది, నువ్వు బఫర్ ఎంత దించినా ఆ దారి పొడవు అలాగే ఉంటుంది. ఇంటర్‌ఫేస్ కంపెనీ సైట్ నుంచి దాని సొంత ఏసియో డ్రైవర్ (విండోస్ మిక్సర్‌ని తప్పించి శబ్దాన్ని నేరుగా పంపే సాఫ్ట్‌వేర్) దించుకుని, ఆడియో సిస్టమ్ దగ్గర ఏసియో ఎంచుకో. ఏసియోలో ఒకసారికి ఒక్క డ్రైవరే పనిచేస్తుంది, కాబట్టి హెడ్‌ఫోన్ కూడా ఇంటర్‌ఫేస్‌కే రావాలి. ఆ లావు రంధ్రానికి 6.35 మి.మీ. కన్వర్టర్ పిన్ను డాబాగార్డెన్స్ వైపు ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా ఇస్తారు, ల్యాప్‌టాప్ బదులు అది కొను.

లెక్క కూడా చూడు. బఫర్ 1024, శాంపిల్ రేటు (సెకనుకి తీసే శబ్దం ముక్కలు) 48,000 అయితే ఒక వైపుకే 21.3 మిల్లీసెకన్లు. వెళ్లాలి, రావాలి, అంటే 42 దాటింది, దాని మీద ఇంటర్‌ఫేస్ శబ్దాన్ని అంకెల్లోకి, అంకెల్ని శబ్దంలోకి మార్చే టైము, యూఎస్‌బీ టైము అదనం. 128 పెడితే వైపుకి 2.7 చొప్పున అయిదు మీద కొంచెం, మిగతావన్నీ కలిపినా పదికి కొంచెం అటూ ఇటూ. ఏసియో పెట్టాక రీపర్ కుడి పక్క పై మూలన మి.సె. లెక్కలు రెండు కనిపిస్తాయి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి.

ఫిషింగ్ హార్బర్లో బోటుకి మేకులు కొట్టేవాణ్ణి దూరం నుంచి ఎప్పుడైనా చూశావా? సుత్తి దిగాక కాసేపటికి దెబ్బ వినిపిస్తుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లే నడుస్తుంది. స్టేజీ మీద డోలుకి మూడు మీటర్ల దూరంలో నిలబడి కీబోర్డు వాయిస్తే నాకు ఆ దెబ్బ 9 మి.సె. లేటుగానే వస్తుంది, దానికెవరం ఏడవం. కానీ పాడేవాళ్ల సంగతి వేరు. వాళ్ల గొంతు ఎముకల్లోంచి అప్పటికప్పుడే చెవికి చేరిపోతుంది, హెడ్‌ఫోన్లోది కాస్త వెనక వస్తే రెండూ కలిసి డబ్బాలో పాడినట్టు బోలుగా ఉంటుంది. అందుకే 10 మి.సె. కూడా గాయకులకి చికాకే.

కాబట్టి అసలు మందు: ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని స్విచ్చో, నాబో ఉంటుంది చూడు. అది పెడితే అమ్మ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా ఇంటర్‌ఫేస్‌లోంచే చెవికి వచ్చేస్తుంది. అప్పుడు బఫర్ 512 ఉన్నా ఆమెకి తేడా తెలీదు, చిటపటలు కూడా పోతాయి.

సీతమ్మధార శ్రోత:
బ్లూటూత్ మాట ఇక మర్చిపోండి, మామూలు బ్లూటూత్‌కి వంద మి.సె. దాటుతుంది, పాటలు వినడానికి బాగుంటుంది అంతే. ఇంకోటి, మాస్టర్ ట్రాక్ (అన్నీ కలిసి బయటికొచ్చే ట్రాక్) మీద నాయిస్ తీసే ప్లగిన్ గానీ, లుక్‌అహెడ్ లిమిటర్ (గట్టి శబ్దాన్ని ముందే చూసి అదుపు చేసే ప్లగిన్) గానీ ఉందా? అవి పనిచేయాలంటే రాబోయే శబ్దం ముందే కావాలి, అందుకని దారిలో అందర్నీ ఆపేస్తాయి. రికార్డింగ్ అయ్యేదాకా తీసేయండి. ఫ్యాన్ చప్పుడు కోసం పెట్టుంటే, పాడినంతసేపు ఫ్యాన్ ఆపడం మేలు. మన ఉక్కలో ఆ మాట చెప్పడం తేలికే, తెలుసు.

ఎంవీపీ అబ్బాయి:
కన్వర్టర్ పిన్ను తెచ్చాను, ఏసియో పెట్టాను, డైరెక్ట్ మానిటర్ నొక్కాను. గొంతు వెంటనే వస్తోంది కానీ ఆ వెనకాలవాడు ఇంకా ఉన్నాడన్నా! ఇప్పుడు ఇద్దరు అమ్మలు పాడుతున్నారు. పైగా గొంతు మరీ పొడిగా ఉంది, గుళ్లో పాడినట్టు కావాలంటుంది.

గాజువాక కీబోర్డు:
రీపర్ కూడా అదే గొంతు మళ్లీ పంపుతోంది. ట్రాక్ మీద ఎర్ర రికార్డు బటన్ పక్కన ఉండే రికార్డ్ మానిటర్ ఆఫ్ చెయ్యి, రెండో అమ్మ వెళ్లిపోతుంది.

గుడి మోత కావాలంటే ఇంకో దారి. కొత్త ట్రాక్ తెరిచి రివెర్బ్ (మోత తెప్పించే ప్లగిన్) వెయ్యి, అందులో డ్రై (అసలు గొంతు) పూర్తిగా దించి వెట్ (మోత) మాత్రమే ఉంచు. గొంతు ట్రాక్ నుంచి దానికి సెండ్ (గొంతు కాపీ పంపే దారి) ఇచ్చి, గొంతు ట్రాక్‌కి మాస్టర్ సెండ్ (అది నేరుగా మాస్టర్‌కి వెళ్లే దారి) టిక్ తీసేసి, రికార్డ్ మానిటర్ మళ్లీ ఆన్ చెయ్యి. అప్పుడు అసలు గొంతు డైరెక్ట్‌గా, మోత మాత్రం కంప్యూటర్ నుంచి వస్తుంది. మోత పది ఇరవై మి.సె. లేటైతే ఎవరికీ పట్టదు, గుళ్లో గోడకి తగిలి రావడానికీ అంత టైము పడుతుంది. రికార్డయ్యేది మాత్రం పొడి గొంతే, తర్వాత నీ ఇష్టం.

సీతమ్మధార శ్రోత:
ఒక్కటి చెక్ చేసుకోండి. చెవికి సరిగ్గా వినిపించడం వేరు, ట్రాక్ సరైన చోట పడటం వేరు. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ పెట్టి, టిక్ టిక్‌మనే ఒక క్లిక్ ట్రాక్ మోగించి దాన్నే మళ్లీ రికార్డు చేసి, రెండు క్లిక్కుల్నీ దగ్గరగా జూమ్ చేసి చూడండి. ఆ టైములో డైరెక్ట్ మానిటర్, రికార్డ్ మానిటర్ రెండూ ఆపాలి, లేకపోతే కుయ్యిమని అరుస్తుంది. ఇన్‌పుట్ గెయిన్ (లోపలికొచ్చే శబ్దాన్ని పెంచే నాబ్) కూడా తగ్గించండి.

ఎంవీపీ అబ్బాయి:
చూశాను సార్, 96 శాంపిళ్లు వెనక పడింది, అంటే 48,000 దగ్గర 2 మి.సె. ప్రిఫరెన్సెస్‌లో రికార్డింగ్ ఆఫ్‌సెట్‌లో ఆ అంకె వేసి మళ్లీ చూస్తే క్లిక్ మీద క్లిక్ కూర్చుంది.

నిన్న రాత్రి ఫ్యాన్ ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని ఆరు పాటలు పాడింది, ఒక్కసారి కూడా చెవి తియ్యలేదు. పొద్దున్న నాన్నకి వినిపిద్దామని ప్లే చేస్తే మోత వస్తోంది, గొంతు లేదు, మొత్తం పోయిందనుకుని చెమటలు పట్టాయి. మాస్టర్ సెండ్ టిక్ మళ్లీ పెట్టడం మర్చిపోయానంతే.