రెడ్ వైన్ రుచి చూసుడు: విద్యనా, వేషమా?

సాగర్‌కాల్వ (ఆదివారం రాత్రి):
ఇయ్యాల హైదరాబాదుల వైన్ల మీద రాసేటోళ్లు పదిమంది కూడిన్రు. దోస్తొకడు నన్ను గూడ తోల్కపోయిండు. ఎనిమిది రెడ్ వైన్లు. సీసాలకు గుడ్డసంచులు తొడిగి నంబర్లేసిన్రు, ఏది ఏందో ఎవ్వనికి తెల్వదు. గ్లాసుల రెండు గుక్కలే పోస్తరు. ముందుగాల తెల్లకాయిదం మీద వంచి రంగు చూడాలె. గ్లాసు తిప్పి వాసన పట్టాలె. నోట్లె పోసుకొని గాలి పీల్చుకుంట పుక్కిలించాలె. ఆఖరికి బకెట్ల ఉమ్మాలె.

మూడో నంబరుకు నాలుక మీద నేరేడుపండు వగరు పట్టింది. పక్కన కూసున్నాయన చెప్పిండు: అది టానిన్, ద్రాక్ష తోలు నుంచి గింజల నుంచి దిగుతది, నల్లద్రాక్షది గూడ రసం మాత్రం దాదాపు తెల్లగనే ఉంటది, తోలుతోని కలిపి పులియవెడితేనే ఎరుపెక్కుతది అని. నలభై ఏండ్లొచ్చినా నాకీ ముచ్చట తెల్వదు. సంచులిప్పితే ఆ మూడోది మన నాసిక్‌ల చేసిన షిరాజ్ (ద్రాక్షరకం పేరు) వైన్. పేరున్న ఫ్రాన్స్ సీసా కంటె దానికే ఎక్కువ మార్కులు వడ్డయి. 1976ల పారిస్‌ల గూడ గిట్లనే అయిందట. మార్కులేసినోళ్లు ఫ్రెంచోళ్లే, సంచులిప్పితే రెడ్లల్ల ఫస్టొచ్చింది కాలిఫోర్నియాది.

ఇది నిజంగ విద్యనే అనిపించింది. మనకాడ ముంతలకు ముంతలు కల్లు తాగుతరు గని రుచి చూసేటోడు లేడు. మీరేమంటరు?

పాలమూరుబస్సు:
సీసా ఎంత పడ్డది?

లెక్కలసార్:
విద్య అంటే అదే ప్రశ్నకు అదే జవాబు రావాలె. ఫ్రాన్స్‌ల ఫ్రెడెరిక్ బ్రోషె అనే ఆయన 54 మంది వైన్ విద్యార్థులకు తెల్లవైన్‌ల వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చిండు. దానికి వాళ్లు ఎక్కువగ రెడ్ వైన్ మాటలే రాసిన్రు. 2001ల అచ్చయిన సంగతి. అమెరికాల హాడ్జ్‌సన్ అనే ఆయన ఇంకో పని చేసిండు. పోటీల జడ్జిలకు ఒకటే సీసాల నుంచి మూడుసార్లు పోయించిండు, వాళ్లకు చెప్పకుంట. మూడుసార్లు దగ్గర దగ్గర మార్కులేసినోళ్లు పదిమందిల ఒక్కరు. నేను ఒక్క పేపరే మూడుసార్లు దిద్ది మూడు తీర్ల మార్కులేస్తే పిల్లల అమ్మానాయినలు ఊకుంటరా?

మోకుముస్తాదు:
వైన్ సంగతి మీరు మీరు తేల్చుకోండ్రి. "రుచి చూసేటోడు లేడు" అన్నవు చూడు తమ్మీ, నేను ఆడనే ఆగిన. మా నాయిన కల్లు గీసేటోడు, ఒక్క గుక్క పడంగనే పోద్దాడుదా (మొగ తాటిచెట్టుది), పండుదాడుదా (ఆడ తాటిచెట్టుది) చెప్తుండె. ఎవరి చెట్టుదో చెప్తుండె. లొట్టి (కల్లు కుండ) సరిగ కడిగిన్రా, అడుగున పాతకల్లు మిగిల్చిన్రా అది గూడ చెప్తుండె, ఎందుకంటె ఆ అడుగుమురికితోనే పులుపు జల్ది ఎక్కుతది. పొద్దుగాల దించిన కల్లుకు, మాపటికి దించిన కల్లుకు తేడా గుడ్డోడు గూడ చెప్తడు మా మండువల (కల్లు తాగే కాడ). ఇంకోటి. తాగేది బకెట్ల ఉమ్ముడేంది? మాకాడ ఉమ్మినోని చేతికి మళ్ల రేకు (కల్లు తాగే తాటాకు దొన్నె) ఇయ్యరు.

సాగర్‌కాల్వ:
అన్నా, ఉమ్ముడు అవమానించుడు కాదు. ఎనిమిది గ్లాసులు, గ్లాసుకు 30 మిల్లీ లీటర్లు మింగితే 240 అయితది. అంటే సీసాల మూడో వంతు దగ్గర. అందుల ఆల్కహాలు 13, 14 శాతం. ఇగ ఆఖరి గ్లాసు రుచి ఏం తెలుస్తది?

మోకుముస్తాదు:
రుచి తెల్వకుంటే ఆపాలె. ఉమ్ముడెందుకు?

సాగర్‌కాల్వ:
ఎల్లమ్మకు కల్లు సాక పోస్తం గద, భూమి మీదనే పోస్తం. అది పారవోసుడా?

మోకుముస్తాదు:
సాక నోట్లె నుంచి పోయం తమ్మీ.

పాలమూరుబస్సు:
😂😂 అన్న గెలిచిండు. మా జడ్చర్ల రోడ్డు మీద దుకాణాలకు పేరే వైన్స్. అన్ని దొరుకుతయి, వైన్ తప్ప. ఇంతకు సీసా ఎంత?

లెక్కలసార్:
మోకు అన్నా, మీ నాయిన చెప్పింది కరెక్టా కాదా ఎవరన్న సంచి తొడిగి పరీక్షించిన్రా? పోద్దాటిదని ముందే తెలిసి పోద్దాటిదే అంటే అది రుచి కాదు.

మోకుముస్తాదు:
సారూ, మా నాయినకు పరీక్ష రోజు ఉండె. చెట్టు మీద.

డిండి_సుజాత:
రుచి, విద్య, పరీక్ష అనుకుంట కూసున్నరు. మా మేనమామ పన్నెండేండ్లు కల్లు తాగిండు. నాలుగు రోజులు దొరకక పోయేసరికి చేతులు వణికినయి, ఎవరెవరో కనవడుతున్నరని ఒర్రిండు, ఆఖరికి ఫిట్సొచ్చినయి. అది కల్లు కాదు ఆల్ప్రాజోలం (మత్తుగోలీల మందు) కలిపిన నీళ్లని దవాఖానల డాక్టర్ చెప్పిండు. మా దిక్కు తాగేటోనికి రుచి అక్కర్లేదు, మత్తు గావాలె. అమ్మేటోనికి అది ఎరికనే. ముందుగాల దానికి జవాబు చెప్పండ్రి.

మోకుముస్తాదు:
అక్కా, గీసేటోన్ని, మందు కలిపేటోన్ని ఒక్క గాటకు కట్టకు. చెట్టెక్కినోడు ఎన్నడు పొడి కలపడు. వానికి అంత కల్లు అమ్ముకునే తెలివి ఉంటే చెట్టెందుకెక్కుతడు?

డిండి_సుజాత:
మా ఊరి మండువల పోసింది ఎవరో పైనుంచి దిగొచ్చినోళ్లు కాదు. మీలోళ్లే.

మోకుముస్తాదు:
మీలోళ్లు అంటే ఏందక్కా? సక్కగ చెప్పు. కులం పేరు వెట్టి చెప్పు.

సాగర్‌కాల్వ:
ఇద్దరు జర ఆగుండ్రి. అక్క చెప్పింది అబద్ధం కాదు, అన్న కోపం అబద్ధం కాదు. నేననేది ఒకటే. వైన్ సీసా మీద తోట పేరు, ఏడాది, ద్రాక్షరకం రాసి ఉంటయి. దాన్ని పదిమంది రుచిచూసి మంచిచెడ్డ రాస్తరు. కల్లుకు గూడ అసొంటిది ఉంటే పొడి కల్లు ఒక్క గుక్కల దొరికిపోతుండె. రాసేటోడు లేకనే కల్లు ఖరాబైంది.

మోకుముస్తాదు:
రాసేటోడు లేక కాదు. సీసా మీద తోట పేరుంటది అన్నవు, లొట్టి మీద మా నాయిన పేరు ఎవడన్న రాసిండా? 2011ల చెట్టు మీదికెళ్లి పడ్డడు. నడుము పోయింది. నష్టపరిహారం పైసల కోసం ఆఫీసుకు పోతే ఆ కాయిదం ఈ కాయిదం అన్నరు, ఏడాదిన్నర తిరిగినం. మెంబరు కార్డుల పేరుకు పొల్లు తప్పు వడ్డదని తిప్పి పంపిన్రు. ఆ నాలుక అంత తెలివిగలదని ఆడ చెప్తే నవ్వుతుండిరి. ఇప్పుడు గ్లాసుల పోసుకొని ఇంగ్లీషుల వాసన చెప్పేటోడు వచ్చి మాకు విద్య లేదంటడు.

గుట్టకిందిఊరు:
కాటమయ్య రక్ష అని 2024ల చెట్టెక్కేటోళ్లు పడకుంట కిట్లు ఇచ్చుడు మొదలువెట్టిన్రు గదన్నా. నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ గూడ 2023ల పడ్డది.

మోకుముస్తాదు:
కిట్టు మంచిదే, కాదన. నీరా అంటె పులియనిది, సున్నం పూసిన లొట్టిది. అది వేరే ముచ్చట.

సాగర్‌కాల్వ:
అన్నా, ఒక మాట అడుగుత, కోపానికి రావద్దు. మీ నాయిన నీకు నేర్పిండు. నువ్వు నీ కొడుక్కు నేర్పినవా?

పాలమూరుబస్సు:
అరే, గిదేం ప్రశ్న భయ్.

లెక్కలసార్:
అసలు ప్రశ్న అదే.

మోకుముస్తాదు (తెల్లారి):
రాత్రి చూసిన. జవాబియ్యాలనిపియ్యలె.
నేర్పలె. వాడు మోకు (చెట్టెక్కే తాడు) వట్టుకుంటె వాళ్లమ్మ గుంజి పారేసింది. నేను గూడ గుంజుకొమ్మనే అన్న. ఇప్పుడు ఇంజినీరింగు చదువుతుండు. ఈతచెట్లున్న కాడ ప్లాట్లు చేసి కడీలు పాతిన్రు, ఇగ వానికి నేర్పి ఏం ఎక్కమందు? నాకు వచ్చింది నాతోని పోతది, అది నాకు ఎరికనే. నువ్వు "రుచి చూసేటోడు లేడు" అన్నప్పుడు కోపం అందుకొచ్చింది. ఉన్నడు. లేకుంట పోతుండు. రెండు వేరు.

సాగర్‌కాల్వ:
తప్పు మాటనే అన్నా. తీసుకుంటున్న. మా తాత గూడ గీసినోడే. మా నాయిన కులం సర్టిఫికెట్ల తప్ప ఆ ముచ్చట ఎక్కడ చెప్పడు, నేను గూడ చెప్పలె ఇన్నొద్దులు. మీరు చెప్తే నేను రాసుకుంట.

మోకుముస్తాదు:
ఇన్నొద్దులు మీలోళ్లని నన్ను అంటుంటె చూస్తనే ఉన్నవన్నట్టు. సరే. వచ్చే ఆదివారం పొద్దుగాల ఆరింటికి రా. మూడు చెట్లవి మూడు లొట్లు వేరువేరుగ దించుత. తొమ్మిది దాటినంక వస్తే పులుపే మిగుల్తది. బకెట్ మాత్రం తేకు.

లెక్కలసార్:
నేను గూడ వస్త. లొట్లకు నంబర్లు నేనేస్త. ఒకే చెట్టు కల్లు రెండిట్ల పోస్త, ఎవ్వరికి చెప్ప.

మోకుముస్తాదు:
లొట్లల్ల పొయ్యి సారూ. దొరకవడ్తవు.

డిండి_సుజాత:
నా ప్రశ్న అట్లనే ఉంది.

పాలమూరుబస్సు:
నాది గూడ. సీసా ఎంత పడ్డది?