సేవకిచ్చిన పిల్లాడు మెకానిక్ అవుతానంటున్నాడు

బొబ్బిలి నుంచి కొత్తగా వచ్చినావిడ:

అందరికీ వందనాలండి. మేం కెనడాలో ఈ కేల్గరీ వచ్చి నాలుగు నెలలైంది. మా బాబుకి పదిహేనేళ్లు. ఏడో నెలలోనే పుట్టాడు, బతకడన్నారు. బతికితే నీ సేవకే ఇస్తాం ప్రభువా అని మా అత్తగారూ నేనూ మొక్కుకున్నాం. పెద్దయ్యాక పాస్టరవుతాడని ఊళ్లో సంఘమంతా వాణ్ణి ‘చిన్నయ్యగారు’ అనే పిలిచేవారు. ఇక్కడికొచ్చాక స్కూల్లో ఆటో మెకానిక్ క్లాసు తీసుకుని, అదే పని చేస్తానంటున్నాడు. ఆదివారం వీడియో కాల్ చేస్తే చాలు, మా అత్తగారు బైబిల్లో ప్రసంగి గ్రంథం అయిదో అధ్యాయం చదివి వినిపిస్తున్నారు, మొక్కుబడి చెల్లించడానికి ఆలస్యం చేయొద్దని. నిద్ర పట్టడం లేదు. దేవుడికిచ్చిన మాట తప్పినట్టేనా?

పాలకొండ అక్క:

చెల్లీ, వందనాలు. ముందు టెన్షన్ తగ్గించుకో. ఇక్కడి చలికాలంలో నిద్ర కూడా లేకపోతే చిన్న మాటే కొండంత అవుతుంది.

మీ అత్తగారు చదివిన వాక్యం నిజమే. కానీ మొక్కుకున్నది ఎవరు? నువ్వూ ఆవిడా. చెల్లించాల్సిందీ మీరే. బైబిల్లో హన్నా కూడా నీలాగే మొక్కుకుంది, పాలు మానిపించాక కొడుకు సమూయేలును మందిరంలో అప్పగించింది. అక్కడితో ఆమె మొక్కు తీరింది. పిలుపు మాత్రం ఆమె నోటి నుంచి రాలేదు. ఏళ్ల తర్వాత ఒక రాత్రి దేవుడే సమూయేలును పేరు పెట్టి పిలిచాడు. ఆ పక్కనే ఉన్న ఏలీకి ఆ స్వరం వినబడనే లేదు. ‘నేను పిలవలేదు, పోయి పడుకో’ అని రెండుసార్లు పంపేశాడు. మూడోసారికి గాని ఆయనకు అర్థం కాలేదు, అంత పెద్ద యాజకుడికి! అర్థమయ్యాక కూడా పిల్లాడి బదులు తను జవాబు చెప్పలేదు. ఏమని పలకాలో నేర్పి మళ్లీ పంపాడు. మన పని అంతవరకే.

నేను అంతవరకుతో ఆగలేదు, అందుకే చెబుతున్నాను. మా పెద్దమ్మాయిని నర్సింగ్‌లో నేనే చేర్పించాను, దేవుడు చూపించాడని చెప్పి. రెండో ఏడు మానేసింది. ఆ తర్వాత ఏడాదిపాటు నా ముందు నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. ఫీజు పోయినందుకు కాదు, దానికి ఏడ్చాను.

అలాగని పిల్లాడు ఏది ఇష్టమంటే అదే దేవుడి చిత్తమని తలూపేయకు. చూడు. ఎవరూ చెప్పకపోయినా ఏ పనికి లేస్తున్నాడు? చెడిపోతే విసిరేస్తున్నాడా, మళ్లీ విప్పుతున్నాడా? డబ్బులివ్వలేని వాళ్ల బండైనా అంతే శ్రద్ధగా చూస్తాడా? మన వాళ్లకు దేవుడిచ్చిన నేర్పు, తలాంతు అంటే పాటా, ప్రసంగమే. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది బెసలేలు గురించి. అతను చేసేది లోహపు పని, రాతిపని, చెక్కపని. మీ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒక్క పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు కదా, ఆ పని చూసినదానివి, చేతి పనిని నువ్వెలా తక్కువనుకుంటావు?

స్కూల్ కౌన్సిలర్‌ని రెజిస్టర్డ్ అప్రెంటిస్‌షిప్ ప్రోగ్రామ్ గురించి అడుగు. మన ఆల్బర్టా రాష్ట్రంలో హైస్కూల్లో ఉండగానే పని నేర్చుకోవచ్చు, జీతమూ వస్తుంది, క్రెడిట్లూ వస్తాయి. కుటుంబ ప్రార్థన మాత్రం మానకండి. వాణ్ణి వాడి మాటల్లో చేయనివ్వు, ఇంగ్లీషులో అయినా సరే.

సోంపేట తమ్ముడు:

అక్క చెప్పిందానికి ఒక్కటి కలుపుతాను. మా సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ కెనడా నుంచి వచ్చిన మిషనరీ. 1963లో ఆయన మాటలు విని మనవైపు కంటి ఆపరేషన్లకు డబ్బు పోగుచేయడం మొదలుపెట్టింది ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి. ఏ ఊరాయన అనుకున్నారు? ఈ కేల్గరీయే. అలా మొదలైనదే ఆపరేషన్ ఐసైట్ అనే సేవా సంస్థ. పాస్టరు కాకపోయినా ఆయన చేసిందీ దేవుడి పనే కదా. మీ అత్తగారికి ఈ సంగతి చెప్పండి సిస్టర్. వాక్యానికి వాక్యం అప్పజెబితే మాత్రం ఆవిడే గెలుస్తారు.

బొబ్బిలి నుంచి కొత్తగా వచ్చినావిడ:

అక్కా, నిన్న సాయంత్రం గరాజ్‌లోకి వెళ్లి ఊరకే కూర్చున్నాను. పక్కింటి ముసలాయన మంచు తోసే మిషన్ విప్పి పెట్టుకున్నాడు. మరలన్నీ ఇడ్లీ రేకు గుంతల్లో వరసగా సర్దాడు, ఏది ఎక్కడిదో మర్చిపోకుండా. నా ఇడ్లీ రేకే! తిట్టబోయి ఆగాను. తల ఎత్తకుండానే అడిగాడు, ‘అమ్మా, నాన్నమ్మ ఈ ఆదివారం కూడా అడుగుద్దా?’ అని. నాకు మాట రాలేదు.

పాలకొండ అక్క:

ఆదివారం ఆ కాల్‌లో నన్ను కూడా కలుపు. మీ అత్తగారితో నేను మాట్లాడతాను, మావైపు యాసలో అయితే వింటారు. శనివారం గుంటణ్ణి తీసుకుని మా ఇంటికి రండి. చర్చి వేను నెల రోజులుగా స్టార్ట్ అవడం లేదు, ఒకసారి చూస్తాడేమో. ఇడ్లీ రేకు నేనిస్తాను, కొత్తది కొనకు.