వెల్లుల్లి బటర్ సాస్ విరిగిపోతోంది, ఎక్కడ తేడా?

భీమవరం నుంచి ప్రశ్న:
రొయ్యల మీదకి వెల్లుల్లి బటర్ సాస్ చేస్తుంటే నిమ్మరసం పిండగానే నెయ్యి పైకి తేలిపోయి, నీళ్లు అడుగున ఉండిపోతున్నాయండి. వెల్లుల్లి కూడా చేదెక్కుతోంది. వాడింది పెరుగు చిలికి తీసిన వెన్న 100 గ్రాములు, రోట్లో దంచిన వెల్లుల్లి పది రెబ్బలు, అర చెక్క నిమ్మకాయ. ఇనప మూకుడు. ప్యాకెట్ బటర్ కొనక తప్పదా?

పాలకొల్లు నుంచి జవాబు:
తప్పనిసరేం కాదండి. టేబుల్ బటర్‌లో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, తేమ 16 శాతం దాటకూడదు. ఇంటి వెన్నకి ఆ లెక్క ఉండదు, లోపల మజ్జిగ ఉండిపోతుంది. చల్లటి నీళ్లలో మూడు నాలుగుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, గట్టిగా నొక్కి పిండండి. పుల్ల వాసన పోతుంది, చిటపటలూ తగ్గుతాయి. తర్వాత చిన్న ముక్కలు చేసి ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి.

వెల్లుల్లి దంచొద్దు. రసం బయటికొచ్చి ఘాటెక్కుతుంది, ఆ ముద్ద అడుగంటి ఇట్టే మాడుతుంది. రెబ్బ మధ్య పచ్చ మొలక ఉంటే తీసేసి, కత్తితో సన్నగా, అన్నీ ఒకే సైజులో తరగండి. ఆరు రెబ్బలు చాలు.

20 గ్రాముల వెన్న, వెల్లుల్లి చల్లటి గిన్నెలోనే వేసి సిమ్‌లో పెట్టండి. రెండు మూడు నిమిషాలకి పచ్చి వాసన పోయి, ముక్కల అంచులు ఎండుగడ్డి రంగుకి వస్తాయి. అంతకన్నా ఎర్రబడనివ్వకండి, దించాక కూడా ఆ వేడికి ఇంకాస్త వేగుతాయి. వెంటనే మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి సగమయ్యేదాకా మరిగించి, స్టవ్ ఆపెయ్యండి. మిగతా 80 గ్రాముల చల్లటి వెన్న రెండేసి ముక్కలు వేస్తూ గిన్నె తిప్పుతూ ఉండండి. అవి కరిగాకే మరో రెండు. గరిట వెనక పల్చగా పట్టి, వేలితో గీస్తే గీత నిలిచిందంటే సాస్ కుదిరినట్టే. నిమ్మరసం చివర్లో ఒకటిన్నర టీ స్పూన్లు, అంతే.

మీది విరగడానికి కారణం వేడే. నిమ్మరసం మీద నింద వేయకండి. ఇనప మూకుడు స్టవ్ ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పులుపు తగిలితే ఇనుము రుచి కూడా దిగుతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడండి.

నరసాపురం నుంచి:
పై జవాబు నూటికి నూరుపాళ్లూ సరైనదే. నీళ్ల బదులు రొయ్యల తొక్కలు పది నిమిషాలు ఉడికించి వడగట్టిన నీళ్లు పోయండి, రుచి ఎక్కడికో వెళ్తుంది. రొయ్యల్ని మాత్రం సాస్‌లో ఉడికించకండి, అవి వదిలే నీళ్లకి సాస్ పల్చబడి విరుగుతుంది. తడి తుడిచి, కాగిన నూనెలో ఒక్కో వైపు నిమిషంన్నర వేపి, స్టవ్ ఆపిన సాస్‌లో వేసి కలపండి. పండుగొప్ప చేప ముక్కలకైతే పైన పోస్తే చాలు. ప్యాకెట్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.

భీమవరం:
విరిగిపోయాక బాగుచేయొచ్చా? మిగిలింది ఎన్నాళ్లు ఉంటుందండి?

పాలకొల్లు:
వేరే గిన్నెలో స్పూను చల్లటి నీళ్లు పోసి, విరిగిన సాస్‌ని కొంచెం కొంచెంగా అందులోకి వంచుతూ గిలక్కొట్టండి, చాలాసార్లు కలిసిపోతుంది. మిగిలింది బయట మాత్రం ఉంచొద్దు. కొవ్వులో మునిగిన వెల్లుల్లికి గాలి తగలదు, గది వేడిలో బొట్యులినమ్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరిగే వీలుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడేయండి. మళ్లీ వేడిచేస్తే విరుగుతుంది కాబట్టి, గడ్డగా ఉన్నదాన్నే రొట్టె మీద రాసి కాల్చుకోండి.